శాంపిళ్ల అక్క చివరి రౌండు

మనిషిని పరిగెత్తించడం పెద్ద విద్యేమీ కాదు. వెనక ఒక కుక్కను వదిలితే చాలు. పరిగెత్తాలని ప్రాణం కొట్టుకుంటున్న మనిషిని పరిగెత్తనివ్వకుండా, అలాగని నెమ్మదించనివ్వకుండా నడిపించడమే విద్య. ఆ యాతనను ఆటగా మార్చి, చుట్టూ సున్నం గీతలు గీసి, ఎర్ర కార్డులిచ్చి న్యాయనిర్ణేతలను నిలబెట్టి, దానికి నడక పందెం అని పేరు పెట్టిన మహానుభావుడెవరో నాకు తెలియదు. ఎవరైనా సరే, పెళ్లయినవాడై ఉంటాడు.

ఈ పందెం గురించి నాకు తెలిసిందంతా ఒక ఆసుపత్రి మంచం మీద తెలిసింది. కాలు ఒకచోట నిలవక ఊళ్లు పట్టుకు తిరిగేవాణ్ని. చివరికి ఒక ఊళ్లో మెట్లు దిగుతుంటే ఆ కాలే విరిగింది. దాన్ని కట్టి, తాడుతో పైకి వేలాడదీసి, కదలొద్దన్నారు. వార్డు తలుపుకు ఎదురుగా పొడుగాటి వరండా. నడిచేవాళ్లను చూడటం తప్ప పని లేదు. నడవలేనివాడు చూసినంత శ్రద్ధగా నడకను ఇంకెవరూ చూడరు. డాక్టర్లు తాపీగా నడిచేవారు, తాము వెళ్లేదాకా అక్కడ ఏదీ మొదలుకాదని వాళ్లకు తెలుసు. రోగుల బంధువులు లోపలికి ఆదరాబాదరాగా వెళ్లి, బయటికి గోడ పట్టుకుని వచ్చేవారు.

వీళ్లందరి మధ్యనుంచి ఒక ఆడమనిషి రోజంతా దూసుకుపోతూ ఉండేది. నలభై దాటిన వయసు, బక్కపలచని ఒళ్లు, నీలం కోటు, చేతిలో రేకు ట్రే. ట్రేలో రక్తం సీసాలు, వాటి పక్కన చెప్పుకోదగని సీసాలు. నడుము పైన చూస్తే నిండు బిందె మోస్తున్నంత నిశ్చలం. నడుము కింద చూస్తే కుట్టుమిషను. వార్డులనుంచి లాబొరేటరీకి శాంపిళ్లు మోయడం ఆమె పని. అందరూ శాంపిళ్ల అక్క అనేవారు.

అంతకుముందు ఆ పని చేసిన మనిషి ఒకరోజు పరుగెత్తి, మలుపులో స్ట్రెచరుకు తగులుకుని, వార్డు వార్డంతటి రక్తాన్నీ గోడకు పూసిందట. అప్పుడు పెద్ద సిస్టరు ఒక ఆజ్ఞ వేసింది: వరండాలో పరుగెత్తినవాళ్లు మర్నాడు పనిలో ఉండరు. లాబొరేటరీవాళ్లు ఇంకో ఆజ్ఞ వేశారు: శాంపిలు ఆలస్యంగా తెచ్చినవాళ్లు కూడా ఉండరు. ఈ రెండు ఆజ్ఞల సందులోంచి పుట్టింది శాంపిళ్ల అక్క నడక.

ఆమె భర్త అదే ఆసుపత్రిలో లిఫ్టు నడిపేవాడు. స్టూలు మీద కూర్చుని రోజంతా పైకీ కిందికీ ప్రయాణం చేసి, సాయంత్రానికి బయలుదేరిన చోటే దిగేవాడు. నేను జీవితమంతా తిరిగి సాధించింది కూడా సుమారు అంతే కాబట్టి మా ఇద్దరికీ తొందరగా స్నేహం కుదిరింది. పని లేనప్పుడు వచ్చి నా మంచం పక్కన కూర్చుని ఇంటి కబుర్లన్నీ చెప్పేవాడు. ఆయన భార్య మాత్రం ఆయన లిఫ్టు ఎప్పుడూ ఎక్కేది కాదు.

"మీరు తలుపు మూసేలోపు నేను వెళ్లి తిరిగొస్తానండీ," అనేది.

"వెళ్లు వెళ్లు. నీ నడుము అప్పుడే రెండో అంతస్తులో ఉంది, నువ్వే ఇంకా రాలేదు," అనేవాడు.

ఆమె నడకలో ఆటను కనిపెట్టినవాడు ఫిజియో. విరిగినవాళ్లను మళ్లీ నడిపించడం అతని ఉద్యోగం. నన్నూ అతనే నడిపించాడు, ఆ సంగతి ఇప్పుడు వద్దు. చిన్నవాడు, మంచివాడు, పుస్తకాలు చదివి చెడిపోయినవాడు. నేనూ ఆ జాతివాణ్నే గనక చెబుతున్నాను. అతను చదివినవన్నీ మనిషిలో నిద్రపోతున్న శక్తిని తట్టి లేపే పుస్తకాలు. అతని గది గోడల నిండా అట్టలు. 'నీకు నువ్వే ప్రత్యర్థివి' అని ఒకటి. 'నొప్పి ఒక భ్రమ' అని ఇంకొకటి. ఆ రెండో అట్ట కింద పడుకునే మేమందరం కేకలు పెట్టేవాళ్లం.

నేను ఆ ఊరు రావడానికి కొన్నేళ్ల ముందే, ఒకరోజు వరండాలో ఆమెను ఆపాడట.

"అక్కా, మీరు నడిచే తీరుకు ఒక ఆట ఉంది, తెలుసా?"

"ఎగతాళా సార్?"

"ఒట్టు. పతకాలు కూడా ఇస్తారు."

"దేనికి? నడిచినందుకా?"

"పరుగెత్తనందుకు."

"అయితే మా పెద్ద సిస్టరుకివ్వండి. పరుగెత్తనివ్వంది ఆవిడే," అని ట్రేతో సహా వెళ్లిపోయింది. కానీ ఆ మాట మాత్రం ఆమెతోపాటే వెళ్లింది. సాయంత్రం తిరిగొచ్చి, "ఏం పతకం సార్, ఇత్తడిదా?" అని అడిగింది.

ఆట నియమాలు రెండే. వెనక పాదం నేలను వదిలేలోపు ముందు పాదం నేలను తాకాలి, అంటే ఏ క్షణంలోనూ మనిషి గాలిలో ఉండకూడదు. ముందుకు వేసిన కాలు మోకాలి దగ్గర వంగకూడదు. మైదానం చుట్టూ నిలబడిన న్యాయనిర్ణేతలు వంగి వంగి కాళ్లనే చూస్తుంటారు. తప్పు కనబడితే ఎర్ర కార్డు. ముగ్గురు కార్డులిస్తే మనిషి గీత దాటకుండానే బయటికి. తక్కిన పందాలన్నీ నీ దగ్గర ఉన్నదంతా చూపించు అంటాయి. ఇదొక్కటే, ఉన్నదంతా చూపించు గాని అది కాళ్లలోకి రానివ్వకు అంటుంది.

ఆ ఊళ్లో ఏటా ఉద్యోగుల ఆటల పోటీలు జరుగుతాయి. మిల్లులు, ఆఫీసులు, ఆసుపత్రులు తలా ఒక జట్టును పంపుతాయి. శాంపిళ్ల అక్క మొదటిసారి ఆసుపత్రి తరఫున దిగి, చివరి రౌండుదాకా అందరికంటే ముందు నడిచి, ఎదురుగా తెల్లగీత కనబడగానే పరుగెత్తింది. పరుగెత్తానని ఆమెకు తెలియను కూడా తెలియదు. మూడో ఎర్ర కార్డు చూపించిన మనిషితో, "నేను నడిచానండీ," అని కళ్లనీళ్లు పెట్టుకుని వాదించింది. మరుసటి ఏడాదీ అదే తంతు. ఆ పై ఏడాది గీత ఇంకా కనబడకముందే, కనబడబోతోందన్న సంతోషంతో పరుగెత్తింది.

ఇది చెప్పినంత చిన్న విషయం కాదు. ఏళ్ల తరబడి ఆ వరండాలో, ప్రాణాపాయంలో ఉన్నవాళ్ల రక్తం చేతిలో పెట్టుకుని కూడా ఆమె ఒక్కసారి గాలిలోకి లేవలేదు. అక్కడ ఆమెకు తనకోసం కావలసిందేమీ లేదు. మైదానంలో మొదటిసారిగా తనకోసం ఒకటి కావలసి వచ్చింది. కావాలనుకోగానే పాదం లేచింది. అడవులకు పోయి కోరికలను జయించినవాళ్ల కథలు నేను బోలెడు చదివాను. అడవిలో జయించడం ఎంతసేపు? అక్కడ కావలసిందేముంది గనక? వాళ్లను తీసుకొచ్చి తెల్లగీతకు పది గజాల దూరంలో, పక్కన ఇంకొకరు నడుస్తుండగా నిలబెట్టి చూడాలి.

ఆసుపత్రిలో ఆమె పేరు మారిపోయింది. ట్రేతో కిటికీ దగ్గరికి రాగానే లాబొరేటరీ మనిషి లోపలికి కేకేసేవాడు: "ఎర్రకార్డొచ్చింది, తలుపు తియ్యండ్రా!" ఆమె నవ్వేది. ఇంటికెళ్లి నవ్వేది కాదు. నాలుగో ఏడు, అంటే నేను మంచమెక్కిన ఏడు, సూపరింటెండెంటు తేల్చి చెప్పాడు, ఈసారి కూడా బయటికి పంపితే ఆమె స్థానం పళ్ల విభాగంలో కొత్తగా చేరిన పిల్లకిస్తామని. పతకం మాట ఆమె అప్పటికే మానేసింది. "ఎన్నోది వచ్చినా సరే, చిట్టచివరిదాన్నయినా సరే. ఒక్కసారి ఆ గీత నా కాళ్లతో దాటితే చాలండీ," అనేదట భర్తతో.

ఫిజియోకు మాత్రం ఆమెలో కసి చాలలేదనిపించింది. మొదలుపెట్టాడు.

"కళ్లు మూసుకోండక్కా. గీతను ఊహించుకోండి. కనబడుతోందా?"

"కనబడుతోంది సార్."

"ఇప్పుడు మిమ్మల్ని అవమానించిన వాళ్లందరినీ ఒక్కొక్కరినీ తలచుకోండి."

ఆమె ఒక కన్ను తెరిచింది. "ఎక్కడ మొదలుపెట్టమంటారు సార్? మా అత్తయ్యతోనా, మీ సూపరింటెండెంటుతోనా?"

"ఎవరితోనైనా సరే. ఆ మంటంతా కాళ్లలోకి పంపండి!"

పంపింది. ఆసుపత్రి పక్క మైదానంలో ఫిజియో గడ్డి మీద బోర్లా పడుకుని, చెంప నేలకానించి చూశాడు. పాదాలు రెండూ గాలిలోనే. ఇంకా కసి కావాలనుకున్నాడు. జబ్బు ముదిరినకొద్దీ ఆ జబ్బు తెచ్చిన మందునే ఎక్కువ మోతాదులో ఇచ్చే వైద్యం నేను చాలా చోట్ల చూశాను. ఈ కుర్రవాడిది మరీ చిత్తశుద్ధితో కూడిన వైద్యం.

ఇలా ఉండగా లిఫ్టాయన తల్లి మైదానానికి వచ్చింది.

ఆవిడకు నచ్చే వస్తువును ఇంతవరకు ఎవరూ తయారు చెయ్యలేదు. మోకాళ్ల నొప్పులని వీధి చివర కొట్టుదాకా కూడా నడిచేది కాదు. ఆ మోకాళ్లను ఫిజియోకు చూపించడానికి కొడుకు తీసుకొస్తే, ఫిజియో గదిలో లేడు, గడ్డి మీద పడుకుని ఉన్నాడు. తల్లిని మలుపు దగ్గర బెంచీ మీద కూర్చోబెట్టి లిఫ్టాయన తన డ్యూటీకి వెళ్లిపోయాడు. కోడలు మొదటి రౌండు ఆమె ముందునుంచి వెళ్లింది.

"ఇదేం నడకే తల్లీ! బాతుకు చెప్పులు తొడిగినట్టు."

రెండో రౌండు.

"గెలిస్తే ఏమిస్తారటా? కప్పా? కొన్నవాటికే మనింట్లో అలమారలో చోటు లేదు."

మూడో రౌండు.

"ఎందుకొచ్చిన గోలే? ఎవడికి కావాలి? ఇంటికి పద, బట్టలు తడిసిపోతాయి. మబ్బేసింది."

కోడలి భుజాలు కిందికి జారాయి. మొహంలో వెలుగంతా ఆరిపోయింది. వరండాలో నడిచేటప్పటి మొహం వచ్చింది. గడ్డి మీదనుంచి ఫిజియో తల ఎత్తాడు, మళ్లీ చెంప ఆనించాడు, మళ్లీ ఎత్తాడు. పాదం నేలకు అతుక్కుపోయింది. వేగం మాత్రం పిసరంత కూడా తగ్గలేదు.

పుస్తకాలు చదివినవాడైనా కళ్లెదుట కనబడినదాన్ని కాదనే రకం కాదతను. బెంచీ దగ్గరికెళ్లి చేతులు కట్టుకున్నాడు.

"అమ్మా, మీరు రోజూ రావాలి."

"నేనొచ్చి ఏం చెయ్యను నాయనా?"

"ఏమీ చెయ్యొద్దు. మీరు మామూలుగా ఉండండి, చాలు."

ఆ పెద్దావిడతో జీవితంలో ఎవరూ అనని మాట అది. రోజూ వచ్చింది. మలుపులో కూర్చుని రోజూ కోడలి ఆశల మీద నీళ్లు చల్లింది. "ఆ వయసులో ఆటలేమిటే?" "నలుగురూ నవ్వుతున్నారు." "పళ్ల డాక్టరమ్మ దగ్గరున్న ఆ పిల్లను పంపొచ్చు కదా, చక్కగా ఉంటుంది." నీళ్లు పడ్డచోట దుమ్ము లేవనట్టు శాంపిళ్ల అక్క పాదం లేవలేదు. ఫిజియో మురిసిపోయాడు. ఇంత మంచి మందును ఇన్నాళ్లూ ఇంట్లో పెట్టుకుని మైదానానికి ఎందుకు తేలేదని లిఫ్టాయన మీద కోప్పడ్డాడు కూడా.

పోటీలు ఇంకో వారం ఉన్నాయనగా లిఫ్టాయన నా మంచం దగ్గరికి మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"కొంప మునిగేలా ఉందండీ. మా అమ్మ నిన్న కూరగాయలు తరుగుతూ, 'దానికి మోకాలు బాగా నిలుస్తోందిరా' అంది."

"మంచి మాటే కదా?"

"అదేనండీ భయం. మా అమ్మ నోట మంచిమాట వినడం నాకు ఇదే మొదలు. మా ఆవిడకు చెప్పాను. ఏమందో తెలుసా? 'అయ్యో, ఇప్పుడెలాగండీ' అంది."

ఫిజియో కొట్టిపారేశాడు. "ఈ వయసులో మనుషులు మారరండీ," అన్నాడు. మనుషులు ఏ వయసులోనైనా మారతారన్నది అతని గోడ మీది మూడో అట్ట.

పోటీ రోజున నన్ను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి లిఫ్టాయనే ఆ మైదానానికి తోసుకుని తీసుకెళ్లాడు. ఎండ చురుక్కుమంటోంది. పెద్దావిడ తన మలుపు దగ్గర బెంచీ మీద కూర్చుంది. ముందు ఇనుప కమ్మీ, కమ్మీ అవతల ట్రాకు. కమ్మీ వెంబడే గడ్డి, గడ్డి అయిపోయినచోట సిమెంటు కాలువ.

మొదట్లో అంతా సవ్యంగా సాగింది. కోడలు వచ్చిన ప్రతిసారీ అత్త ఏదో ఒకటి అంది. కానీ రౌండ్లు గడిచినకొద్దీ ఆ మాటల్లో పస తగ్గింది. "ఇంటికి పదవే," అంటూనే ముందున్నవాళ్ల కాళ్ల వైపు తొంగిచూస్తోంది. సగం పందెం కాకముందే శాంపిళ్ల అక్క నంబరు ఎదుట బోర్డు మీద ఒక ఎర్ర చుక్క పడింది. ఇంకొంతసేపటికి రెండోది. మూడోది పడితే ఇక ఎర్రకార్డన్న పేరే ఆమెకు జీవితాంతం.

చివరి రౌండు గంట కొట్టారు. శాంపిళ్ల అక్క మూడో స్థానంలో ఉంది. ముందు బట్టల మిల్లు అమ్మాయి, అలిసిపోయి భుజాలు ఊగుతున్నాయి. వెనక కొంచెం దూరంలో ఫైర్ స్టేషను ఆవిడ. మలుపు దగ్గరికి వచ్చేటప్పటికి శాంపిళ్ల అక్క తల తిప్పి బెంచీ వైపు చూసింది. అంతగా ఎదురుచూసి అత్తగారి దెప్పిపొడుపు కోరుకున్న కోడలు ఇంకెక్కడా ఉండదు.

బెంచీ ఖాళీగా ఉంది. పెద్దావిడ కమ్మీ పట్టుకుని నిలబడింది. పెదాలు బిగించింది. ఒక్క క్షణం ఆపుకుంది పాపం, నిజంగానే ఆపుకుంది, నేను చూశాను. తర్వాత కట్ట తెగింది.

"పరిగెత్తవే! ముందున్నదాని పని అయిపోయింది! పరిగెత్తు! ఏం చూస్తావే నా మొహం, పరిగెత్తు!"

అనడంతో ఊరుకోలేదు. చీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని కమ్మీ వెంట, కోడలితో సమానంగా తానే పరుగందుకుంది. కొట్టుదాకా నడవలేని మోకాళ్లు! నా కుర్చీ పట్టుకున్న లిఫ్టాయన, "అమ్మా!" అని కేకేసి నన్ను అక్కడే వదిలేశాడు. ఫిజియో నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. మలుపులో ఉన్న న్యాయనిర్ణేత మాత్రం ముసలావిడను చూడలేదు. వంగి, శాంపిళ్ల అక్క కాళ్ల మీదే కళ్లు నిలిపాడు.

ఆమె కాలి మడమ లేవబోయింది. ఎదురుగా తెల్లగీత కనబడుతోంది. ముందున్న అమ్మాయి చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. ఇంటినుంచి ఇన్నేళ్లకు మొదటిసారి తనకోసం ఒక కేక వినబడుతోంది. ఇంత కసి ఫిజియో నాలుగేళ్లు కష్టపడ్డా పుట్టించలేకపోయాడు.

అప్పుడు ఆమె చూపు కమ్మీ చివరనున్న సిమెంటు కాలువ మీద పడింది. పెద్దావిడ దాన్ని చూడటం లేదు, కోడలినే చూస్తూ పరిగెత్తుతోంది.

"అత్తయ్యా, ఆగండి! కాలువ!"

"నాతో నీకెందుకే? నువ్వు పద!"

తాను వేగంగా వెళ్లినంతసేపూ అత్త ఆగదని ఆమెకు అర్థమైంది. అడుగు తగ్గించింది. చివరి రౌండులో, పతకం చేతికి అందేచోట, కావాలని తగ్గించింది. ఫైర్ స్టేషను ఆవిడ పక్కనుంచి దాటిపోయింది. పెద్దావిడ కాలువకు రెండడుగుల ఇవతల నిలబడిపోయి, నడుం మీద చేతులు పెట్టుకుని, రొప్పుతూ అరిచింది: "ఆగావేమే, మొద్దూ!"

అక్కడినుంచి గీతదాకా శాంపిళ్ల అక్క మెడ వెనక్కి తిప్పే నడిచింది. అత్త నిలబడే ఉందా, కొడుకు వచ్చి పట్టుకున్నాడా అని చూస్తూనే నడిచింది. ఆ గీతకోసం అన్నేళ్లు ఏడ్చిన మనిషి గీత దాటిన సంగతి చూసుకోలేదు. గడియారం పట్టుకున్నాయన వెంటపడి ఆపాల్సి వచ్చింది.

"అమ్మా, అయిపోయింది. ఎక్కడికి?"

"కార్డా?" అంది బెదిరిపోయి.

"కార్డేమిటి? నాలుగో స్థానం."

"బయటికి పంపలేదా?"

"నాలుగో స్థానమంటే లోపలే కదమ్మా."

ఆమె ఉన్నచోటే కూలబడి, చేతుల్లో మొహం దాచుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. భుజాలు మాత్రం కదిలాయి.

ఫిజియో పరిగెత్తుకుంటూ వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. ఆ నిగ్రహం ఎక్కణ్నుంచి వచ్చిందో తెలుసుకుని పదిమందికీ బోధించాలని అప్పుడే అతనిలో ఉపన్యాసం పురుడు పోసుకుంటోంది.

"అక్కా, సరిగ్గా గుర్తు తెచ్చుకోండి. ఆ క్షణంలో మీ మనసులో ఏముంది? ఏ ఆలోచన మిమ్మల్ని నేల మీద నిలబెట్టింది?"

శాంపిళ్ల అక్క ఆలోచించింది. అబద్ధం చెప్పడం తెలియని మనిషి.

"ఈవిడ తుంటి విరిగితే మంచంలో ఎవరు చెయ్యాలా అనుకున్నాను సార్."

ఆ ఏడాది అతను ఇచ్చిన ఉపన్యాసంలో ఇది 'తనకు మించిన లక్ష్యం' అయింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. మాట తప్పేమీ కాదు, కాస్త ఇస్త్రీ చేశాడంతే.

పెద్దావిడను కొడుకు బెంచీ మీద కూర్చోబెట్టి మోకాళ్లు రుద్దుతున్నాడు. కోడలు దగ్గరికి రాగానే మొహం తిప్పుకుంది.

"చేతికొచ్చిందాన్ని వదులుకునేవాళ్లను నిన్నే చూశాను. రేపు ఎన్నింటికి రావాలి?"

"రేపట్నుంచి మీరు రావద్దు అత్తయ్యా."

"ఏం? నేనేం చేశానే?"

"మీకు ఆశ పుట్టింది."

"నాకా? ఆశా?" పెద్దావిడకు ఒళ్లు మండింది. "నాలుగోదానికి ఆశ కూడానా? నాకేం పట్టింది! అయినా ఆ మిల్లు పిల్ల మోకాలు వంచిందే. నా కళ్లతో చూశాను, రెండుసార్లు వంచింది. అడిగే దిక్కు లేదనుకున్నారా? ఉండు, ఇప్పుడే చెప్పొస్తాను."

కొడుకు చెయ్యి విదిలించుకుని లేచి, న్యాయనిర్ణేతల బల్ల వైపు చరచరా నడిచి వెళ్లింది.